చెయ్యీ కాలూ బాగానే ఆడుతున్నా పక్షవాతం కావచ్చు: బ్రెయిన్ స్టెమ్ ఇచ్చే వింత సూచనలు

క్లుప్తంగా: పక్షవాతం (స్ట్రోక్) అనగానే మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం గుర్తుకొస్తాయి. మెదడు అడుగున ఉండే బ్రెయిన్ స్టెమ్‌కి రక్తం ఆగినప్పుడు ఆ రెండూ లేకుండానే జబ్బు మొదలు కావచ్చు. ముఖంలో ఒక పక్క, ఒంట్లో దానికి ఎదురు పక్క వేడీ చల్లనా తెలియకపోవచ్చు. ముఖం మీద కారం చల్లినట్టు మండొచ్చు, గది పక్కకి ఒరిగినట్టు కనిపించొచ్చు, ఒక చెవి ఉన్నట్టుండి మూగబోవచ్చు. ఇవి ఎందుకు వస్తాయి, ఏ చిన్న జబ్బులతో పొరపాటు పడుతుంటారు, తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఉన్నవాళ్లు మొదటి గంటల్లో ఏం చేయాలి అన్నది కింద చూడొచ్చు.

ఒక భుజానికి వేడి, ఇంకో భుజానికి ఏమీ లేదు

పొద్దున లేచేసరికి కాస్త కళ్లు తిరిగినట్టుంది. రాత్రి నిద్ర చాలలేదేమో అనుకుని స్నానానికి వెళ్లాడొక మనిషి. పొగలు వస్తున్న నీళ్లు చెంబుతో కుడి భుజం మీద పోసుకుంటే చుర్రుమంది. అవే నీళ్లు ఎడమ భుజం మీద పోసుకుంటే నీళ్లు పడ్డాయని తెలుస్తోంది గానీ వేడి తెలియడం లేదు. అనుమానం వచ్చి బకెట్‌లో చేతులు ముంచి చూస్తే కుడి చెయ్యి కాలింది, ఎడమ చేతికి గోరువెచ్చగా కూడా లేదు. ముఖం కడుక్కునేటప్పుడు సంగతి తిరగబడింది: కుడి చెంప మొద్దుగా ఉంది, ఎడమ చెంపకి మాత్రం వేడి మామూలుగానే తగులుతోంది. తువ్వాలు చుట్టుకుని బయటికి వస్తూ కుడి పక్కకి తూలి తలుపు పట్టుకున్నాడు. కాఫీ తాగితే పొలమారింది, గొంతు బొంగురుపోయింది. ఇంట్లోవాళ్లు కంగారుపడి రెండు చేతులూ పైకెత్తమంటే ఎత్తాడు, నవ్వమంటే మూతి సమానంగానే ఉంది, మాటలు కూడా అర్థమవుతున్నాయి. "పక్షవాతం కాదులే, పైత్యం చేసుంటుంది, నిమ్మకాయ నీళ్లు తాగి కాసేపు పడుకో" అన్నారు.

ఇది ఫలానా వ్యక్తికి జరిగిన సంగతి అని కాదు. న్యూరాలజీ పుస్తకాల్లో వందేళ్లకు పైగా ఉన్న వర్ణనను మన స్నానాలగదిలో పెట్టి చెబితే ఇలా ఉంటుంది. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ 1895లో ఇలాంటి రోగి గురించి రాస్తూ, మెదడులో సరిగ్గా ఏ చోట దెబ్బ తగిలి ఉంటుందో లక్షణాలను బట్టే లెక్కగట్టాడు. అప్పటికి సీటీ స్కాన్ లేదు, ఎంఆర్ఐ లేదు. ఆ రోగి చనిపోయాక పోస్ట్‌మార్టం చేస్తే దెబ్బ ఆయన చెప్పిన చోటే కనిపించింది, ఆ వివరాలు 1901లో అచ్చయ్యాయి. ఈ లక్షణాల గుంపును ఇప్పటికీ వాలెన్‌బర్గ్ సిండ్రోమ్ అనే పిలుస్తారు. మనిషి తన ఒంట్లో ఏం తేడాగా ఉందో సరిగ్గా చెప్పగలిగితే, విన్నవాళ్లు సరిగ్గా వింటే, యంత్రం లేకుండానే జబ్బు చోటు దొరికిందన్నమాట. ఇన్ని స్కాన్లు వచ్చిన తర్వాత కూడా బ్రెయిన్ స్టెమ్ విషయంలో ఆ మాట చాలావరకు నిజం.

రెండు ఘాట్ రోడ్ల లెక్క

బ్రెయిన్ స్టెమ్ అంటే మెదడుకీ వెన్నుపాముకీ మధ్య ఉండే కాడ. మొత్తం మన బొటనవేలంత ఉంటుంది. పైనుంచి కిందికి మిడ్‌బ్రెయిన్, పాన్స్, మెడుల్లా అని మూడు భాగాలు. ఊపిరి, గుండె వేగం, మింగడం, కళ్ల కదలిక, వినికిడి, ముఖం స్పర్శ, మెలకువ, ఇన్నింటి తాలూకు నరాల కేంద్రాలు ఆ కాస్త చోటులోనే ఇరుక్కుని ఉంటాయి. ఒంట్లోంచి మెదడుకి వెళ్లే కబుర్లు, మెదడు నుంచి ఒంటికి వచ్చే ఆజ్ఞలు, అన్నీ దీని మీదుగానే పోవాలి.

తిరుమలకి రెండు ఘాట్ రోడ్లు ఉన్నాయి కదా, ఎక్కేది ఒకటి, దిగేది ఒకటి. 2021 డిసెంబరులో వానలకి ఎక్కే దారిలో బండరాళ్లు విరిగిపడి రోడ్డు దెబ్బతింది, దిగే రోడ్డుకి మాత్రం ఆ రాళ్లతో సంబంధం లేదు. బ్రెయిన్ స్టెమ్‌లో కూడా అంతే. స్పర్శ, నొప్పి, వేడి లాంటి కబుర్లు పైకి పోయే దారులు వేరు, చెయ్యి ఎత్తు కాలు కదుపు అనే ఆజ్ఞలు కిందికి వచ్చే దారి వేరు. ఆజ్ఞల దారి మెడుల్లాలో ముందు వైపు ఉంటుంది, నొప్పీ వేడీ తెలిపే దారి పక్కగా, కాస్త వెనగ్గా ఉంటుంది, రెండింటికీ రక్తం వచ్చే కొమ్మలు కూడా వేరే. పక్క భాగానికి రక్తం ఇచ్చే కొమ్మ మూసుకుపోతే వేడి తెలియకుండా పోతుంది, చెయ్యి బలం మాత్రం చెక్కుచెదరదు. పైన చెప్పిన మనిషి చేతులు రెండూ ఎత్తగలిగింది అందుకే.

మరి ముఖంలో కుడి, ఒంట్లో ఎడమ, ఈ తిరకాసు ఎక్కడిది? ఎడమ చేతి నుంచి వచ్చే నొప్పీ వేడీ కబుర్లు వెన్నుపాములోకి అడుగుపెట్టగానే కుడి వైపుకి దాటేసి, అక్కడి నుంచి కుడి పక్కగానే పైకి ఎక్కుతాయి. ముఖం సంగతి అలా కాదు. కుడి చెంప కబురు పాన్స్ దగ్గర లోపలికి వచ్చి, అదే కుడి వైపున మెడుల్లా దాకా కిందికి దిగి, ఆ తర్వాతే అవతలి వైపుకి దాటుతుంది. కాబట్టి కుడి మెడుల్లాలో ఒక చోట, ఇంకా దాటని కుడి చెంప దారీ అప్పటికే దాటి వచ్చిన ఎడమ చేతి దారీ పక్కపక్కనే ఉంటాయి. అక్కడ చిన్న దెబ్బ తగిలితే రెండూ ఒకేసారి పోతాయి. మెడ నరం నొక్కుకున్నా, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా ముఖం ఒక పక్క, ఒళ్లు ఇంకో పక్క అనే ఈ అమరిక రాదు. అందుకే ఇది అంత విలువైన గుర్తు.

ఇంకో తమాషా ఉంది. మెత్తగా తాకితే తెలిసే స్పర్శ ఇంకో దారిలో, మెడుల్లా మధ్య గీతకి దగ్గరగా పోతుంది. పక్క భాగం దెబ్బతిన్నా అది మిగిలే ఉంటుంది. అంటే రోగి చేతిని ముట్టుకుని "తెలుస్తోందా" అని అడిగితే "తెలుస్తోంది" అనే అంటాడు. చల్లటి స్టీలు గ్లాసు రెండు చేతులకీ, రెండు చెంపలకీ ఆనించి "రెండు పక్కలా ఒకేలా చల్లగా ఉందా" అని అడిగితేనే తేడా బయటపడుతుంది. ఆసుపత్రిలో కూడా దూది, సూది రెండింటితోనూ పరీక్ష చేసేది ఇందుకే.

ముఖం మీద కారం, ఒరిగిపోయిన గది, మూగబోయిన చెవి

వాలెన్‌బర్గ్ సిండ్రోమ్ మెడుల్లా పక్క భాగానిది. బ్రెయిన్ స్టెమ్‌లో మిగతా చోట్ల రక్తం తగ్గితే ఇంకా చిత్రమైన అనుభవాలు కలుగుతాయి. వాటిని విన్నవాళ్లు నమ్మరు, చెప్పేవాళ్లు సిగ్గుపడి సగమే చెబుతారు. రెండూ నష్టమే.

మొదటిది ముఖం మీద మంట. 1983లో అమెరికా న్యూరాలజిస్టులు లూయీ కాప్లన్, ఫిలిప్ గోరెలిక్ కొందరు రోగుల గురించి రాశారు. ముఖం మీద, కళ్లలో ఉప్పూ మిరియాలపొడీ చల్లినట్టు చురచురమంటోందని ఆ రోగులు చెప్పారు. మన దగ్గరైతే ఇదే సంగతిని మిరపకాయలు దంచిన చేత్తో మొహం రుద్దుకున్నట్టుంది అంటారు. చర్మం మీద దద్దురు ఉండదు, కంట్లో ఎరుపు ఉండదు, నీళ్లతో కడిగినా తగ్గదు. ముఖం నుంచి వచ్చే నరాల దారికి పాన్స్ దగ్గర రక్తం చాలకపోవడం వల్ల వచ్చే మంట ఇది. బాసిలర్ అనే పెద్ద ధమని మూసుకుపోబోయే ముందు ఇది కనిపించవచ్చు. చర్మం డాక్టరు దగ్గరికో కళ్ల డాక్టరు దగ్గరికో వెళ్లి చుక్కలమందు వేయించుకుని వచ్చేస్తే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

రెండోది మూతి చుట్టూ, అదే పక్క చేతివేళ్ల చివర్లలో ఒకేసారి తిమ్మిరి రావడం. మూతికీ చేతికీ ఏం సంబంధం అనిపిస్తుంది. ఒంట్లో అవి దూరం గానీ, స్పర్శ దారుల్లో వాటి తాలూకు పోగులు పక్కపక్కనే నడుస్తాయి. పాన్స్‌లోనో, దాని పైన ఉండే థలామస్‌లోనో బియ్యపుగింజంత దెబ్బ చాలు రెంటినీ తగలడానికి.

మూడోది చెవి. ఫోను కుడి చెవి దగ్గర పెట్టుకుంటే అవతలి మనిషి మాట వినపడట్లేదు, సిగ్నల్ లేదేమో అనుకుని ఎడమ చెవికి మార్చగానే బాగా వినిపిస్తోంది. దాంతోపాటే భూమి గిర్రున తిరుగుతోంది. లోపలి చెవికి రక్తం ఇచ్చే సన్నటి ధమని, సాధారణంగా బ్రెయిన్ స్టెమ్‌కీ చిన్నమెదడుకీ రక్తం ఇచ్చే ఒక కొమ్మ నుంచే పుడుతుంది. ఆ కొమ్మలో అడ్డు వస్తే ముందు చెవి పోయి, కొన్ని గంటలకో రోజులకో అసలు స్ట్రోక్ రావడం కద్దు. ఉన్నట్టుండి ఒక చెవి పోతే అది చెవి జబ్బే అయి ఉండే అవకాశం ఎక్కువ. కానీ బీపీ, షుగర్ ఉన్న మనిషికి చెవి పోవడం, కళ్లు తిరగడం ఒకేసారి వస్తే చెవి ఒక్కటే చూసి పంపేయడం సరికాదు.

నాలుగోది చూపు. ఒక వస్తువు రెండుగా కనిపించడం చాలామందికి తెలిసిన లక్షణమే. దానికంటే విచిత్రంగా, కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల పాటు గది మొత్తం పక్కకి ఒరిగినట్టో, పూర్తిగా తలకిందులైనట్టో కనిపించవచ్చు. ఫ్యాను నేల మీద, మంచం పైకప్పుకి. కన్ను చెప్పేదీ, లోపలి చెవి చెప్పేదీ కలిపి ఏది పైన ఏది కింద అని మెదడు నిర్ణయిస్తుంది. ఆ రెండింటినీ జతచేసే చోటికి రక్తం తగ్గితే లెక్క తప్పుతుంది. తర్వాత మామూలైపోతుంది కాబట్టి కల అనుకుని వదిలేస్తారు.

అయిదోది, ఇంట్లో అందర్నీ భయపెట్టేది, లేని మనుషులూ జంతువులూ కనిపించడం. ఫ్రెంచ్ న్యూరాలజిస్టు జాన్ లెర్మిట్ 1922లో దీన్ని వర్ణించాడు. మిడ్‌బ్రెయిన్ దెబ్బతిన్నప్పుడు, తరచుగా పొద్దుగూకే వేళ, రంగురంగుల బొమ్మల్లా స్పష్టంగా కనిపిస్తాయి. చాలామంది రోగులకు అవి నిజం కావని తెలుస్తూనే ఉంటుంది. ఇది అరుదు. కానీ మన ఊళ్లలో ఇలాంటి మాట వినగానే గాలి సోకిందనో దిష్టి తగిలిందనో తాయెత్తు కోసం పరుగెడతారు, ఆ పరుగులోనే ఒక రాత్రి గడిచిపోతుంది. అంతవరకు బాగున్న పెద్దాయనకి ఉన్నట్టుండి ఇలా మొదలైతే, దాంతోపాటు కనురెప్ప వాలడమో మాట తడబడడమో అతి నిద్రో ఉంటే, ముందు ఆసుపత్రికే వెళ్లాలి.

వీటితో పాటు ఒక పక్కకే ఎవరో లాగుతున్నట్టు తూలడం, ఆగకుండా వచ్చే ఎక్కిళ్లు, గొంతు బొంగురు, మింగలేకపోవడం, ఒక కన్ను రెప్ప కాస్త వాలి నల్లగుడ్డు చిన్నదవడం కూడా ఇదే కుటుంబం. ఎక్కిళ్లని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఒక్క ఎక్కిళ్లే అయితే తేలికే. కళ్లు తిరగడం, మింగలేకపోవడం తోడుగా ఉన్న ఎక్కిళ్లు మెడుల్లా నుంచి వస్తుండొచ్చు.

తిమ్మిరి అనే ఒక్క మాటతో వచ్చే చిక్కు

మన భాషలో ఇలాంటి అనుభవాలకి మాటలకేం కొదవ లేదు. మొద్దుబారింది, జోము పట్టింది, జివ్వుమంటోంది, చీమలు పాకినట్టుంది, సూదులు గుచ్చినట్టుంది, మంటగా ఉంది, గిల్లినా తెలియట్లేదు, ఒకదానికొకటి పోలిక లేని అనుభవాలివి. కానీ డాక్టరు ముందు కుర్చీలో కూర్చోగానే టెన్షన్‌లో ఇవన్నీ కలిపి "తిమ్మిరిగా ఉంది సార్" అయిపోతాయి. కళ్లు తిరగడం కూడా అంతే. గిర్రున తిరగడం, తల తేలిపోయినట్టుండడం, నడిస్తే పక్కకి పడిపోవడం, కళ్లు చీకట్లు కమ్మడం, నాలుగింటికీ ఒకటే మాట వాడతాం. ఓపీలో వంద మంది ఉన్న రోజున "తిమ్మిరి, కళ్లు తిరగడం" అని వింటే ఏ డాక్టరుకైనా ముందు తట్టేది బీ12 తక్కువో, షుగరో, మెడ అరుగుదలో. తప్పు పూర్తిగా వాళ్లదనీ అనలేం.

చెప్పాల్సినవి నాలుగే: ఏ పక్క, ఏ చోట, ఎన్ని గంటలకి మొదలైంది, దాంతోపాటు ఇంకేం వచ్చింది. "నోట్లో పుక్కిలించిన వేడినీళ్లు కుడి బుగ్గకి తెలియట్లేదు, ఎడమ కాలికి సిమెంటు గచ్చు చల్లదనం తెలియట్లేదు" అని ఉన్నదున్నట్టు చెబితే, విన్న న్యూరాలజిస్టుకి చాలా సంగతి అందులోనే దొరుకుతుంది.

వేటితో పొరపాటు పడతారు

ఇక్కడ తూకం తప్పకూడదు. తిమ్మిరి వచ్చిన ప్రతివాళ్లకీ స్ట్రోక్ కాదు, కళ్లు తిరిగిన ప్రతివాళ్లకీ అసలే కాదు. ఎక్కువమందికి కారణం చిన్నదే. తేడా పట్టుకోవడానికి మొదలైన తీరు, పక్క, తోడుగా వచ్చినవి చూడాలి.

షుగర్ వల్ల వచ్చే తిమ్మిరి రెండు అరికాళ్లలో మొదలై నెలల తరబడి మెల్లగా పైకి పాకుతుంది. ఫలానా రోజు పొద్దున ఏడు గంటలకి మొదలైంది అని ఎవరూ చెప్పలేరు. స్ట్రోక్‌కి గడియారం ఉంటుంది. మంచం మీద పక్కకి దొర్లినప్పుడే తిరిగి, నిమిషం లోపు తగ్గిపోయేది సాధారణంగా లోపలి చెవిలోని రేణువులు జారడం వల్ల. కదలకుండా కూర్చున్నా గంటల తరబడి ఆగకుండా తిరుగుతూ, లేచి నిలబడలేని స్థితి వేరే విషయం. టెన్షన్‌తో వేగంగా ఊపిరి తీసినప్పుడు కూడా మూతి చుట్టూ, వేళ్లలో తిమ్మిరి వస్తుంది, అయితే అది మామూలుగా రెండు చేతులకీ వస్తుంది, ఊపిరి నెమ్మదించగానే తగ్గుతుంది. మైగ్రేన్‌లో తిమ్మిరి వేళ్ల నుంచి మోచేతికీ ముఖానికీ నిమిషాల మీద పాకుతూ వెళ్తుంది, స్ట్రోక్‌లో ఎక్కువగా ఒక్కసారే వచ్చి పడుతుంది. ఈ చివరిదాని మీద మరీ భరోసా పెట్టుకోకూడదు. ముందెన్నడూ మైగ్రేన్ లేని యాభై ఏళ్ల మనిషి మొదటిసారి అలా అంటే మైగ్రేన్ అని ఇంట్లో తేల్చేయడం మంచిది కాదు.

అలిపిరి మెట్లు ఎక్కి పైకి చేరినవాళ్లకి కాళ్లు గడగడ వణుకుతాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి. అది రెండు కాళ్లకీ ఉంటుంది, కూర్చుని నీళ్లు తాగి కాసేపు ఆగితే సర్దుకుంటుంది. కూర్చున్నా తగ్గకుండా ఒకే పక్కకి ఒరిగిపోతుంటే, గుటక పడకపోతే, రెండేసి మెట్లు కనిపిస్తుంటే అలసట అనుకోకూడదు.

మెడ అరుగుదల గురించి ఒక మాట. కళ్లు తిరిగితే చాలు ఎక్స్‌రే తీసి స్పాండిలైటిస్ అని రాయడం మామూలైపోయింది. నలభై దాటాక చాలామంది మెడ ఎక్స్‌రేలో అరుగుదల ఎలాగూ కనిపిస్తుంది. ఆ రోజు కొత్తగా మొదలైన కళ్లు తిరగడానికి అదే కారణమని ఆ ఎక్స్‌రే ఏమీ నిరూపించదు.

మెడ విరిపించుకోవడం, ధమని లోపలి పొర చీలడం

బ్రెయిన్ స్టెమ్‌కి రక్తం తెచ్చే వెర్టిబ్రల్ ధమనులు రెండు. అవి మెడ ఎముకల్లో ఉండే చిన్న రంధ్రాల గుండా పైకి ఎక్కి, తలలోకి చేరాక కలిసి బాసిలర్ ధమని అవుతాయి. మెడని గట్టిగా, ఒక్క ఉదుటున తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చీలి, చీలిక దగ్గర రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ పైకి కొట్టుకుపోవచ్చు. సెలూన్లో తల మసాజ్ అయ్యాక పటపటమని మెడ విరిపించుకోవడం మన దగ్గర ఎంత మామూలో చెప్పక్కర్లేదు. చాలామందికి ఏమీ కాదు. అయినవాళ్లకి మాత్రం చాలా పెద్దదే అవుతుంది, అందుకే అది మానేయడమే మేలు. 2022లో హైదరాబాద్‌లో బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకున్న ఒక మహిళకి స్ట్రోక్ వచ్చిన సంగతి వార్తల్లోకి ఎక్కింది, దాని వెనక కూడా మెడ దగ్గరి ధమని సమస్యనే చెప్పారు.

చిన్న వయసు వాళ్లలో వచ్చే స్ట్రోక్‌కి ఈ చీలిక ఒక ముఖ్య కారణం. బీపీ లేదు, షుగర్ లేదు, వయసు ముప్పై అయిదు కాబట్టి స్ట్రోక్ కాదు అనే తర్కం ఇక్కడ పనికిరాదు. మెడకి ఒక పక్కన గానీ తల వెనక గానీ ఇంతకు ముందెప్పుడూ లేనిలాంటి నొప్పి ముందు వస్తుంది. గంటల తర్వాతో రోజుల తర్వాతో కళ్లు తిరగడం, ముఖం మొద్దుబారడం వస్తాయి. మెడ పట్టేసిందని నూనె రాసి మళ్లీ తిప్పించుకోవడం ఆ సమయంలో చేయగలిగిన చెడ్డ పని.

స్కాన్ నార్మల్ అన్నాక కూడా

పక్షవాతం గుర్తుపట్టడానికి ఫాస్ట్ అనే పద్ధతిని పోస్టర్ల మీద చూసే ఉంటారు: ముఖం, చేయి, మాట, సమయం. మెదడు ముందు భాగానికి వచ్చే స్ట్రోక్‌లకి అది బాగా పనిచేస్తుంది. రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోక్‌లలో దాదాపు అయిదో వంతు వెనక వైపు ధమనులవి, అక్కడ అది తడబడుతుంది. 2017లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో ఫాస్ట్ లక్షణాలు ఏవీ లేని స్ట్రోక్‌లు 14 శాతం దాకా తేలాయి. నడక తూలడం, చూపు తేడా రెండూ కలిపితే అది 4 శాతం చిల్లరకి తగ్గింది. అలా బీ ఫాస్ట్ అనే కొత్త రూపం వచ్చింది. అందులోనూ స్పర్శ తేడాకి చోటు లేదు. పోస్టరుని సులువుగా ఉంచాలి కాబట్టి దాన్ని తప్పుపట్టలేం గానీ, పోస్టరులో లేదు కాబట్టి స్ట్రోక్ కాదు అనుకోవడమే ప్రమాదం.

తర్వాతి చిక్కు సీటీ స్కాన్. మెదడులో రక్తస్రావం అయిందా అన్నది తేల్చడానికి సీటీ చాలా మంచిది, చికిత్స మొదలుపెట్టాలంటే అది తప్పనిసరి కూడా. రక్తం అందక వచ్చిన దెబ్బని, అదీ మొదటి గంటల్లో, అదీ చుట్టూ మందపాటి ఎముక ఉన్న బ్రెయిన్ స్టెమ్‌లో, సీటీ తరచుగా చూపించలేదు. ఎంఆర్ఐ చాలా మెరుగు, అయినా మొదటి ఒకటి రెండు రోజుల్లో ఇక్కడి చిన్న దెబ్బలు దానికీ అందకపోవచ్చు. 2009లో అచ్చయిన ఒక పరిశోధన చూపించిందేమిటంటే, ఆగకుండా కళ్లు తిరుగుతున్న రోగుల్లో కళ్ల కదలికని మంచం పక్కనే మూడు రకాలుగా పరీక్షించడం తొలి ఎంఆర్ఐ కంటే నమ్మకంగా స్ట్రోక్‌ని పట్టింది. తల చటుక్కున తిప్పినప్పుడు చూపు నిలుస్తుందా, కళ్లు ఎటు కొట్టుకుంటున్నాయి, ఒక కన్ను ఇంకో కన్ను కంటే పైకి ఉందా అన్నవే ఆ మూడు. అది నేర్చినవాళ్లు చేయాల్సిన పరీక్ష, ఇంట్లో ప్రయత్నించకూడదు. అక్కడ చేశారా అని అడగడంలో మాత్రం తప్పు లేదు. "స్కాన్ నార్మల్" అన్న మాట వినగానే ఊపిరి పీల్చుకుని ఇంటికి బయల్దేరడం సహజం. లక్షణాలు ఇంకా ఉంటే, మనిషి నడవలేకపోతుంటే, బయల్దేరే ముందు న్యూరాలజిస్టు చూశారా అని ఒక్క ప్రశ్న అడగాలి.

లక్షణాలు పది నిమిషాల్లో వాటంతట అవే పోయినా సరే. బాసిలర్ ధమని మూసుకుపోయేటప్పుడు చాలామందికి ముందుగా ఇలాంటి చిన్న చిన్న దాడులు వచ్చి పోతుంటాయి. పూర్తిగా మూసుకుపోతే కోమా దాకా వెళ్లొచ్చు. లేదా మెలకువ ఉండి, అన్నీ వినపడుతూ, కనురెప్పలు ఆర్పడం, కళ్లు పైకీ కిందికీ కదపడం తప్ప ఒళ్లంతా కదలని స్థితి వస్తుంది. కారం చల్లినట్టుండే ఆ కాసేపటి మంట దగ్గరే ఆపగలిగితే ఎంత ఆపినట్టో దీన్ని బట్టి తెలుస్తుంది.

తిరుపతి, చిత్తూరులో గంటల లెక్క

రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి మామూలు గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలు. బాసిలర్ ధమని మూసుకుపోయినవాళ్లకి తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డని బయటికి లాగే చికిత్స ఉంది. చైనాలో జరిగిన రెండు ట్రయల్స్ 2022లో అచ్చయ్యాక, తగిన రోగుల్లో 24 గంటల దాకా కూడా అది మేలు చేస్తుందని తేలింది. గడువు పెరిగిందని నిదానించడానికి వీల్లేదు, ఎంత ముందు చేస్తే అంత మేలు.

పల్లె నుంచి మండల కేంద్రం, అక్కడి నుంచి చిత్తూరు, అక్కడ చూసి తిరుపతి, ఇలా మెట్లు మెట్లుగా పోతే నాలుగున్నర గంటలు దారిలోనే అయిపోతాయి. చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు, వేలూరు దాంట్లో సగమే. తిరుపతి చుట్టుపక్కల వాళ్లకి రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి, కొండ మీద ఉన్నవాళ్లు ముందు అశ్విని ఆసుపత్రికి వెళ్లి అక్కడి నుంచి కిందికి రావచ్చు. కుప్పం వైపు వాళ్లకి బెంగళూరు దగ్గర పడొచ్చు. ఏ ఊరివాళ్లకి ఏది దగ్గరో, అక్కడ రాత్రిళ్లు సీటీ తీస్తారా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా అన్నది బీపీ, షుగర్ ఉన్న మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు ఇవాళే కనుక్కుని పెట్టుకోవడం మంచిది. 108కి ఫోన్ చేసినప్పుడు "కళ్లు తిరుగుతున్నాయి" అని ఆపేయకుండా "స్ట్రోక్ అనుమానం" అని చెప్పాలి.

పక్షవాతానికి నాటుమందు ఇచ్చే ఊళ్లు చిత్తూరు జిల్లాలో ఉన్నాయని, ఎక్కడెక్కడి నుంచో అక్కడికి జనం వస్తారని అందరికీ తెలుసు. ఆ నమ్మకం మీద వాదన పెట్టుకోవడం ఇక్కడి పని కాదు. మొదటి రోజు మాత్రం అటు కారు తిప్పకూడదు, ఎందుకంటే గడ్డ కరిగే సమయం ఆ రోజే ఉంటుంది, మళ్లీ రాదు.

ఇంట్లో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. నిమ్మకాయ నీళ్లు, గ్లూకోజు, మజ్జిగ, కాఫీ, ఏదీ నోట్లో పోయకూడదు. మెడుల్లా దెబ్బతిన్న మనిషికి గుటక సరిగ్గా పడదు, తాగించింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, స్ట్రోక్ నుంచి బయటపడ్డ మనిషి న్యుమోనియాతో పోవడం అలాగే జరుగుతుంది. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టి చటుక్కున దించకూడదు, అసలే రక్తం తక్కువగా అందుతున్న చోటికి అది ఇంకా తగ్గుతుంది. రక్తస్రావం కాదని స్కాన్ తేల్చేదాకా ఆస్పిరిన్ కూడా వేయకూడదు. షుగర్ మిషన్ ఉంటే ఒకసారి చూడొచ్చు, షుగర్ బాగా పడిపోయినా స్ట్రోక్‌లాగే కనిపిస్తుంది. మనిషి తనంతట తాను బండి నడుపుకుంటూ ఆసుపత్రికి పోకూడదు.

వెంట వెళ్లేవాళ్లు ఒక కాగితం మీద చివరిసారి బాగున్న సమయం రాసుకోవాలి. నిద్రలేచేసరికే లక్షణాలు ఉంటే, లేచిన టైము లెక్కలోకి రాదు, రాత్రి పడుకున్నప్పటి టైము చెప్పాలి. వాడే మాత్రల చీటీ, ముఖ్యంగా రక్తం పలచబడే మందులుంటే ఆ పట్టీ, వెంట ఉండాలి. క్యాజువాలిటీలో డాక్టరు ఏమైందని అడిగినప్పుడు "కళ్లు తిరిగినాయి సార్, తిమ్మిరి సార్" అని వదిలేయకుండా ఇలా చెప్పొచ్చు: "రాత్రి పది గంటలకి పడుకునేదాకా మా నాయన బాగుండినాడు సార్. పొద్దున ఆరింటికి లేచినప్పటి నుంచి కుడి పక్కకే తూలిపోతా ఉండాడు. కుడి చెంపకి, ఎడమ చేతికి వేడినీళ్లు తెలీలేదంట. కాఫీ పొలమారింది, గొంతు మారిపోయింది. చేతులు కాళ్లు ఆడతా ఉండాయి, అయినా అనుమానంగా ఉందని తీసుకొచ్చినాం."